రిపోర్టులో లేని నాలుగు నిమిషాలు

మంచం దిగడానికి రాజాబాబుకి ఇరవై నిమిషాలు పట్టేది. ముందు కుడిపక్కకి ఒత్తిగిలేవాడు. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, మోచెయ్యి పరుపులోకి గుచ్చి, ఊపిరి బిగబట్టి లేచేవాడు. లేచి మంచం పట్టె మీద కూర్చోగానే నడుము దగ్గర మొదలైన నొప్పి తొడ వెనకనుంచి ఎడమకాలి మడమదాకా పాకేది. అది అక్కడిదాకా వెళ్ళి ఆగితే గానీ నిలబడలేకపోయేవాడు.

అతనికి నలభై ఆరేళ్ళు. అగ్నిమాపక దళంలో ఇరవై రెండేళ్ళ సర్వీసు. తండ్రి అప్పలసూరి పాలకొండ దగ్గర పల్లెనుంచి ఉక్కు కర్మాగారంలో పనికొచ్చి, భిలాయిలోనే రిటైరై, ఇక్కడే పోయాడు. రాజాబాబు పుట్టిందీ పెరిగిందీ కర్మాగారం క్వార్టర్లున్న ఈ సెక్టార్లలోనే. ఇప్పుడు అదే ఊళ్ళో కోహ్కా అనే పేటలో రెండు గదుల సొంత ఇల్లుంది. భార్య హేమమాలిని, డిగ్రీ చదివే కూతురు భాగ్యరేఖ.

బూట్ల లేసులు హేమమాలినే కట్టేది. పొద్దున్నే గుమ్మం దగ్గర కుర్చీ వేసి అతన్ని కూర్చోబెట్టి తను నేలమీద కూర్చునేది.

"జూన్‌లో మీకు ఫిట్నెస్ పరీక్షున్నాది కదా. అక్కడికి కూడా నన్ను తీసికెల్తారేటి, లేసులు కట్టడానికి?" అంది ఒకరోజు.

"అప్పటికి తగ్గిపోద్ది."

"నిరుడూ ఇదే మాటన్నారు. డెబ్బై కిలోల బస్తా బుజానేసుకుని పరిగెట్టాలంట. మీతో పనిచేసే సతీష్ చెప్పినాడు. నీళ్ళ బిందె ఎత్తలేకపోతన్నారు మీరు."

రాజాబాబు చొక్కా కింద నడుముకి కట్టుకున్న బెల్టు సరిచేసుకుని బయల్దేరాడు. నొప్పి ఎప్పుడో తగ్గిపోయిందని స్టేషన్లో చెప్పుకున్నాడు, ఆ బెల్టు సంగతి అక్కడ ఎవరికీ తెలియదనే అనుకున్నాడు. డ్యూటీకి ముందు వేసుకునే మాత్ర సంగతీ అంతే. పరీక్షలో తప్పితే బండెక్కనివ్వరు. బండెక్కని ఫైర్‌మన్ అంటే అతని దృష్టిలో ముసలివాడితో సమానం.

ఆ నొప్పి ఎలా వచ్చిందో అందరికీ తెలుసు. కిందటేడు మే నెలలో ఒక మధ్యాహ్నం మూడంతస్తుల భవనంలో పై ఫ్లాటు అంటుకుంది. ఎండ నలభై ఆరు డిగ్రీలు. ఏసీలో పుట్టిన మంట పరదాలకి పాకింది. ఇంట్లో పార్థసారథి అనే రిటైరైన ఆఫీసరు, ఆయన భార్య గౌరీదేవి ఉన్నారు. వీపున గాలి సిలిండర్లు కట్టుకుని, మొహానికి మాస్కులు పెట్టుకుని రాజాబాబు, సతీష్‌కుమార్ పొగలోకి వెళ్ళారు. సతీష్ వంటగదిలోని గ్యాస్ సిలిండరు బయటికి తియ్యడానికి ఒకవైపు, రాజాబాబు పడకగదికి ఇంకొకవైపు. రాజాబాబు స్పృహ లేని గౌరీదేవిని భుజాన వేసుకుని మూడంతస్తుల మెట్లు దిగాడు. పార్థసారథి కోసం సతీష్ మళ్ళీ పైకి వెళ్ళేసరికి మంట గుమ్మం దాటి వచ్చేసింది. ఆయన దక్కలేదు. ఆవిణ్ణి మోసుకొస్తున్నప్పుడే రాజాబాబు నడుము పట్టేసింది.

ఆగస్టు పదిహేనుకి శాలువా కప్పి, ప్రశంసాపత్రం ఇచ్చారు. భాగ్యరేఖ ఆ ఫొటో ఫోన్లో పెట్టుకుని స్నేహితులందరికీ పంపింది. రాజాబాబు మటుకు శాలువా మడతకూడా విప్పకుండా బీరువాలో అడుగున పెట్టించాడు. "మేరే పాపాకు సిగ్గు" అని నవ్వింది కూతురు.

ఎముకల డాక్టరు స్కానింగు చూశాడు. "ఒక డిస్కు కాస్త ఉబ్బింది. మీ వయసువాళ్ళలో సగంమందికి ఇంతే ఉంటుంది. ఇంత నొప్పి రాకూడదే" అన్నాడు. రెండోసారీ అదే అన్నాడు. మూడోసారి వెళ్ళినప్పుడు, నిద్ర పడుతోందా, కోపం వస్తోందా, ఉలిక్కిపడి లేస్తున్నారా అని అడిగి, పక్కూరు దుర్గ్‌లో ప్రసూన అనే మానసిక వైద్యురాలి పేరు రాసిచ్చాడు.

"నడుంనొప్పికి పిచ్చి డాక్టరెందుకు సార్?" అన్నాడు రాజాబాబు. ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నాడు. ఐదు నెలలు అక్కడే ఉంది.

ఈ ఏడు ఏప్రిల్‌లో ఒక పాత అట్టల గోదాములో మంటలు లేచాయి. పెద్ద ప్రమాదమేమీ కాదు. లోపల ఎవరూ లేరు. పట్టపగలు. రాజాబాబు నీళ్ళ పైపు మూతి పట్టుకుని ముందు నిలబడ్డాడు, వెనక సతీష్ పైపు మోస్తున్నాడు. గోదాము కాపలావాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. పొగ అతనివైపు తిరిగింది. అతనికి దగ్గు వచ్చింది. గొంతులో గరగరమని, ఊపిరి అందని దగ్గు.

రాజాబాబు చేతులు వదులైపోయాయి. ఎందుకు వదిలాడో అతనికే తెలియలేదు. నిండా నీళ్ళ ఒత్తిడితో ఉన్న పైపు పాములా లేచి గిరగిరా కొట్టుకుంది. దాని ఇత్తడి మూతి సతీష్ భుజానికి తగిలింది. సతీష్ కిందపడ్డాడు. బండి దగ్గరున్నవాళ్ళు పరుగున వెళ్ళి నీళ్ళు కట్టేశారు. రాజాబాబు మాత్రం చేతులు ముందుకి చాచినవి చాచినట్టే ఉంచి నిలబడిపోయాడు.

సతీష్‌కి మెడకీ భుజానికీ మధ్యనుండే కాలర్ ఎముక విరిగింది. ఆస్పత్రిలో స్టేషన్ ఆఫీసరు అడిగితే, "బురదలో నా కాలే జారింది సార్" అని చెప్పాడు. ఆయన వెళ్ళాక రాజాబాబు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎందుకలా చెప్పినావు?"

"మరేటి చెప్పమంటావు భయ్యా? నువ్వొగ్గీసినావని చెప్పమంటావా?" సతీష్ పైకప్పుకేసి చూస్తూ అన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, పని రాజాబాబు దగ్గరే నేర్చుకున్నాడు. "నీ నడుముకి బెల్టున్నాదని నాకు తెల్సు. ఏడాదై తెల్సు. అదడగను. నిన్న నీ మొకం చూసినాను. అది నొప్పి మొకం కాదు. నేను పడిపోయినాను, నువ్వు నన్ను చూడ్నేదు. నీ కళ్ళు ఇంకెక్కడో ఉన్నాయి. ఏటైంది నీకు?"

"తెల్దురా."

"తెల్సుకో. నాకింకో బుజమే ఉన్నాది."

ఆ మాటకి ఇద్దరూ నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

మర్నాడు రాజాబాబు పర్సులోంచి చీటీ తీశాడు. దుర్గ్ దాకా స్కూటరు తోలితే నడుము విరిగిపోతుందని షేర్ ఆటోలో వెళ్ళాడు. డాక్టర్ ప్రసూనది తెలుగువాళ్ళ కుటుంబమే. యాభై ఏళ్ళ మనిషి. అతను కుర్చీలో ఏ పక్కకి ఒరుగుతున్నాడో కాసేపు చూసి, వెనక దిండు పెట్టించింది.

"నా నొప్పి ఉత్తిదే అంటారా మేడమ్?"

"ఎవరన్నారు ఉత్తిదని? నొప్పి నిజమే. అది నడుములో ఉన్నంత పెద్దదిగా స్కానింగులో ఎందుకు లేదో, అదే చూద్దాం. ఎప్పుడు మొదలైంది?"

"కిందటేడు మే. ఒకావిణ్ణి మోసుకొచ్చినప్పుడు" అన్నాడు, అందరికీ చెప్పినట్టే. ఆవిడ రాసుకుంది. ఫ్యాను తిరుగుతోంది. ఎందుకో ఆ రాత అతనికి భరించరానిదిగా అనిపించింది. "కాదు మేడమ్. కొట్టీయండి. అంతకి రెండేళ్ళ ముందునుంచే ఉన్నాది."

ప్రసూన కొట్టెయ్యలేదు, కింద రాసుకుంది. ఇంకేమైనా చెప్తాడేమోనని ఆగింది. అతను నిద్ర పట్టడం లేదన్నాడు. నిద్రకి మాత్రలిచ్చి, చెయ్యవలసిన వ్యాయామాలు కాగితం మీద గీసిచ్చి, వచ్చే బుధవారం రమ్మంది.

బుధవారం రాకముందే, ఆదివారం ఉదయం గౌరీదేవి వాళ్ళింటికి వచ్చింది.

అరవై రెండేళ్ళ మనిషి, సన్నగా, చేతికర్రలాంటి గొడుగు పట్టుకుని. అగ్నిప్రమాదం తర్వాత దుర్గ్‌లో చెల్లెలింట్లో ఉంటోంది. కోహ్కాలో ఇల్లు వెతుక్కుంటూ వచ్చేసరికి మొహమంతా చెమట. హేమమాలిని గబగబా కూలరు వేసి, మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"పై నెల ఆయన సంవత్సరీకం" అంది గౌరీదేవి. "ఫ్లాటు బాగు చేయిస్తున్నాం. అక్కడే పెట్టుకుందామనుకున్నాం. మా వాళ్ళందరి ముందూ మీకు బట్టలు పెట్టాలని నా కోరిక. మీరు లేకపోతే ఆయనతోపాటే నేనూ. కుటుంబంతో రావాలి బాబూ."

"తప్పకుండా వస్తారమ్మా" అంది హేమమాలిని.

"నేను రానమ్మా" అన్నాడు రాజాబాబు.

హేమమాలిని తిరిగి చూసింది. అతను కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని ఉన్నాడు. లేవబోతున్నాడనుకుంది. లేవలేదు.

"మీకొక మాట చెప్పాల. చెప్పినాక మీరే రావొద్దంటారు."

"ఏమిటి బాబూ?"

"ఆ గదిలో మీరు గుమ్మం పక్కన పడున్నారు. సార్ మంచానికీ గోడకీ మధ్యనున్నారు. ఇద్దర్నీ చూసినాను నేను. సార్ పెద్ద మనిషి, బరువు. నాకప్పటికే నడుమునొప్పి, రెండేళ్ళనించీ దాచుకుని తిరుగుతన్నాను. ఆయన్ని ఎత్తలేనని నాకు తెల్సు. సతీష్‌ని కేకేసుంటే ఇద్దరం కలిసి లాగీసేవాళ్ళం. కేకెయ్యలేదు. మీరు సన్నగా ఉన్నారు, మిమ్మల్ని ఎత్తుకున్నాను."

"అదే కదా అందరూ చెప్పారు. ముందు నన్ను..."

"వినండమ్మా. కిందకొచ్చి మిమ్మల్ని స్ట్రెచర్ మీద పెట్టి వంగినాను. మరి లేవలేకపోయినాను. మేకు దిగ్గొట్టినట్టైపోయింది. మెట్టుమీద కూలబడిపోయినాను. సతీష్ సిలిండరు పట్టుకుని దిగొచ్చి, ఇంకెవరైనా ఉన్నారా భయ్యా అనడిగినాడు. ఉన్నారని చెప్తే వాడెళ్ళిపోతాడు, నేనెందుకు కూకున్నానని అందరూ అడుగుతారు. నడుము సంగతి బయటపడిపోద్ది. 'నేను చూస్తన్నాను, నువ్వు పైపు చూడు' అన్నాను. ఇప్పుడు లేస్తాను, ఇప్పుడు లేస్తాను అనుకున్నాను. నాలుగు నిమిషాలమ్మా. ఆ నాలుగు నిమిషాలయ్యాక చెప్పినాను. వాడు పరుగెట్టినాడు. అప్పటికి గుమ్మం అంటుకుపోయింది. రిపోర్టులో మాత్రం దిగీదిగగానే చెప్పీసినానని రాసినాను."

 హేమమాలిని నోటికి కొంగు అడ్డుపెట్టుకుని గోడకి ఆనుకుంది. పెళ్ళై ఇరవై రెండేళ్ళలో ఆమె అతను ఇంత మాట్లాడగా ఎప్పుడూ వినలేదు.

గౌరీదేవి గొడుగు ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. తర్వాత అడిగింది.

"ఆయనకి తెలివుందా?"

రాజాబాబు తల దించుకున్నాడు. ఈ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు. నాలుగు నిమిషాల గురించి తిడుతుందనుకున్నాడు, శపిస్తుందనుకున్నాడు. వాటికి సిద్ధంగా ఉన్నాడు.

"చెప్పండి. తెలివుందా?"

"ఉందమ్మా. దగ్గుతన్నారు. మిమ్మల్ని బుజానికెత్తుకున్నప్పుడు నా కాలు పట్టుకున్నారు. 'ఆగండి, వస్తాను' అన్నాను. మాస్కులోంచి ఆయనకి వినపడిందో లేదో. ఒగ్గీసినారు."

"పొగకి నిద్రలోనే పోయారని చెప్పారు నాకు" అంది గౌరీదేవి. ఆమె గొంతు మారలేదు. "ఏమీ తెలియకుండా పోయారని డాక్టర్లు చెప్పారు. ఏడాదిగా నేను ఆ ఒక్క మాట పట్టుకుని బతికాను."

లేచి నిలబడింది.  మజ్జిగ గ్లాసులో సగం మిగిలిపోయింది. గౌరీదేవి గుమ్మం దిగి, గొడుగు విప్పడం కూడా మరిచిపోయి ఎండలో నడిచి వెళ్ళిపోయింది. రాజాబాబు లేవబోయాడు. నడుము లేవనివ్వలేదు.

"ఆవిడికెందుకు చెప్పినారు?" అంది హేమమాలిని సాయంత్రం. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. "మీ ఆఫీసరుకి చెప్పుకోండి, డాక్టరుకి చెప్పుకోండి, నాకు చెప్పుకోండి. ఆవిడికెందుకు? మీ బరువు దించుకుని ఆవిడి నెత్తినెట్టీసినారు."

"ఆవిడి నాకు బట్టలెడతానంటే ఏటి చెయ్యమంటావు? కట్టుకోమంటావా?"

 అలా అన్నాడు గానీ ఆమె మాట తప్పని రాజాబాబుకి అనిపించలేదు. నిజం చెప్పేస్తే నొప్పి తగ్గుతుందని లోలోపల ఎక్కడో ఆశ పెట్టుకున్నాడు. ఆ రోజు నొప్పి తగ్గలేదు. మర్నాడూ తగ్గలేదు.

సోమవారం స్టేషన్ ఆఫీసరు ముందు రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి కిందటేటి అగ్నిప్రమాదం గురించి, ఇంకొకటి గోదాములో పైపు వదిలేసిన సంగతి. ఆఫీసరు చదివి తలుపు వేయించాడు.

"ఏక్ సాల్ హో గయా. ఏడాదైపోయాక ఇప్పుడెందుకు రాజాబాబూ? ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు సార్."

"విచారణ పడుతుంది. ఆ ప్రశంసాపత్రం వెనక్కి తీసుకుంటారు. ఆలోచించుకో."

"పరీక్షలో నేనెలాగూ పాసవను సార్. ఇంకొకసారి ఎవడి బుజమో మెడో విరగ్గొడతాను. రాసుకోండి."

ఆఫీసరు కాగితాలు తీసుకున్నాడు. వారం తిరక్కుండా బండి డ్యూటీనుంచి తప్పించి అతన్ని ఫోన్ల గదిలో కూర్చోబెట్టారు. విచారణకి తారీకు పడలేదు. స్టేషన్లో కొందరు అతనితో మాట్లాడటం మానేశారు. కొందరు ఒంటరిగా ఉన్నప్పుడు దగ్గరికొచ్చి, తమ నడుమో మోకాలో చూపించి, ఎవరికీ చెప్పొద్దంటూ ఏ మాత్ర వేసుకోవాలని అడిగేవారు. అలాంటివాళ్ళు ఐదుగురు తేలారు. అతను ఐదుగురికీ ప్రసూన నంబరిచ్చాడు. ఎవరైనా వెళ్ళారో లేదో తెలియదు.

సతీష్ భుజానికి కట్టుతోనే ఒకరోజు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "ఆరోజు మెట్ల దగ్గర నన్నాపినావు భయ్యా. ఏడాదంతా నేనేటనుకున్నానో తెల్సా? నేనే లేటు చేసినాననుకున్నాను. గ్యాస్ సిలిండరు ఒగ్గీసి ముందే రావలిసుందనుకున్నాను" అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. అతని బాధ తన బాధకంటే పెద్దదని రాజాబాబుకి అప్పుడే తెలిసింది. 

ప్రసూన దగ్గరికి ప్రతి బుధవారం వెళ్తున్నాడు. అన్నీ చెప్పాడు. ఆవిడ, మీరు చేసింది తప్పు కాదని అనలేదు, తప్పనీ అనలేదు. "రెండేళ్ళ నొప్పితో మిమ్మల్ని ఆ మెట్లెక్కించిన భయం మీ ఒక్కరిదే కాదు. కానీ ఆ నాలుగు నిమిషాలు మీవే. రెండూ మోయాలి" అంది. వ్యాయామాలు చేస్తున్నాడు. మంచం దిగడానికి పదిహేను నిమిషాలు పడుతోంది. లేసులు ఇంకా హేమమాలినే కడుతోంది, మాట్లాడకుండా.

మే మూడోవారంలో గౌరీదేవి ఫోను చేసింది.

"రేపు ఫ్లాటుకి సున్నాలవాళ్ళు వస్తున్నారు. గోడలన్నీ తెల్లబడిపోతాయి. అంతకుముందు మీరొకసారి వచ్చి, ఆయన ఎక్కడున్నారో నాకు చూపించాలి."

రాజాబాబు వెళ్ళాడు. భోజనాల వేళ. భవనం ముందు ఇసుక పోసి ఉంది. మూడంతస్తులు ఎక్కడానికి రెయిలింగు పట్టుకుని రెండుచోట్ల ఆగాడు. పైన తలుపు తీసే ఉంది. గదిలో సామానేమీ లేదు. గోడలు నడుమెత్తునుంచి పైదాకా నల్లగా ఉన్నాయి. గౌరీదేవి కిటికీ దగ్గర ఒక్కతే నిలబడి ఉంది.

అతను గుమ్మం పక్కన చూపించి, "మీరిక్కడ" అన్నాడు. గదిలోకి నడిచి గోడ వార నిలబడ్డాడు. "సార్ ఇక్కడ. తల అటు."

గౌరీదేవి గుమ్మం దగ్గరనుంచి అతనిదాకా నడిచి వచ్చింది. నాలుగడుగులు. వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచింది. తర్వాత ఆ గోడ వార, మసి అంటుతుందని కూడా చూసుకోకుండా, నేలమీద కూర్చుంది. అరచెయ్యి నేలకి ఆనించింది.

"నా పేరు పిలిచారా?"

అబద్ధం నాలికచివర దాకా వచ్చింది. పిలిచారంటే ఆవిడకి ఎంత ఊరటగా ఉంటుందో అతనికి తెలుసు.

"నాకు వినపళ్ళేదమ్మా. మాస్కులో నా ఊపిరి చప్పుడే వినపడతాది."

ఆవిడ తలూపింది. ఆవిడ కింద కూర్చుంటే తను నిలబడి ఉండటం బాగులేదనిపించి రాజాబాబు గోడ పట్టుకుని, మెల్లగా మోకాళ్ళు వంచి, తనూ కూర్చున్నాడు. కూర్చున్నాక తెలిసింది, తనంతట తను లేవలేడని.

"కాసేపు లేవలేనమ్మా" అన్నాడు.

గౌరీదేవి అతనివైపు చూడలేదు. చెయ్యీ అందించలేదు.

"ఉండండి. సున్నాలవాళ్ళు రేపు కదా వచ్చేది" అంది.

కింద రోడ్డుమీద కూరగాయల బండివాడు ధరలు అరుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఇద్దరూ నల్లటి గోడకి వీపులాన్చి అలాగే కూర్చున్నారు.